ఇరవై అడుగుల నఖచిత్రం

మా అక్క హైమావతి లెక్కల టీచరు ఉద్యోగానికి సెలవు పెట్టి వీడియో గేమ్ చేస్తానన్నప్పుడు మా బంధువులెవరూ పెద్దగా కంగారుపడలేదు. "తెలివైన పిల్ల, ఏదో ఒకటి చేస్తుందిలే" అనుకున్నారు. బొమ్మలు గీయడానికి నన్ను కూడా చేర్చుకుందని తెలిసినప్పుడు మాత్రం "అయ్యో పాపం" అన్నారు. ఆ పాపం నా గురించేనని చాలాకాలం అనుకున్నాను.

నా పేరు భానోజీ. అంతకుముందు విశాఖపట్నంలో పెళ్ళిపత్రికలూ, చీరల కొట్ల బోర్డులూ, పుట్టినరోజు ఫ్లెక్సీలూ డిజైన్ చేసేవాణ్ణి. ఫ్లెక్సీలో కాస్త ఖాళీ కనిపిస్తే అక్కడో పావురాన్ని ఎగరెయ్యకపోతే నా చెయ్యి ఊరుకునేది కాదు. ఆ చెయ్యినే అక్క నమ్ముకుంది.

ఆమె చేసిన గేమ్ పేరు 'దండెం'. మేముండేది పెదవాల్తేరులో ఓ అపార్ట్‌మెంటు పై అంతస్తు. సముద్రం మీంచి మబ్బు చెప్పి రాదు. వచ్చిందంటే మేడమీద ఆరేసిన బట్టల కోసం అన్ని వాటాల వాళ్ళూ ఒక్కసారే మెట్లెక్కి పరిగెడతారు. గేమ్ అంతా అదే. మబ్బు మీదికొచ్చేలోపు ఆరినవి తీసెయ్యాలి, తడివి వదిలెయ్యాలి, గాలికెగిరిన క్లిప్పులు ఏరుకోవాలి. తొందరలో పక్కింటివాళ్ళ దుప్పటి లాగేస్తే ఆవిడ చేత నాలుగు మాటలు పడాలి. మొదటిసారి ఆడడానికి కూర్చున్నప్పుడు నా ముందు పెట్టిన ఇడ్లీలు గట్టిపడిపోయాయి, నేను చూసుకోలేదు. అంత బాగుంది.

ప్రిన్సిపాల్ గారు అక్కతో, "బడులు తెరిచేదాకా చూస్తానమ్మా. తర్వాత ఇంకొకళ్ళని తీసుకోక తప్పదు" అన్నారు. అంచేత జూన్‌లోపు గేమ్ బయటికి రావాలి, వచ్చాక నలుగురి కళ్ళా పడాలి. లేకపోతే అక్క మళ్ళీ భిన్నాల్లోకి, నేను మళ్ళీ పావురాల్లోకి.

నలుగురి కళ్ళా పడడమనేది పూర్తిగా నా శాఖ. ఆన్‌లైన్ స్టోర్లో ప్రతి గేమ్ పేరు పక్కనా ఓ చిన్న బొమ్మ ఉంటుంది. దాన్ని థంబ్‌నెయిల్ అంటారు. ఫోన్లో చూస్తే తపాలా బిళ్ళంత. జనం వేళ్ళతో అలా పైకి తోసుకుంటూ పోతూ ఆ బిళ్ళ నచ్చితేనే ఆగుతారు. నేను మొదట్లో ఎర్రచీర, దండెం, వెనకాల నల్లమబ్బు వేసి చూపించాను. అక్క "బాగుంది, ఇదే పెట్టెయ్" అంది. పెట్టేసి ఉంటే ఈ కథ లేదు.

కానీ ఆ వారమే నేను థంబ్‌నెయిల్ శాస్త్రంలో పడ్డాను. దాని మీద బోలెడన్ని వీడియోలున్నాయి. కళ్ళు పెద్దవి చేసి నోరు తెరిచిన మొహం ఉండాలి, చుట్టూ పసుప్పచ్చ గీత ఉండాలి, ఓ ఎర్రబాణం దేన్నో చూపిస్తూ ఉండాలి. గేమ్ ఎలా ఉన్నా ఫరవాలేదు, బొమ్మే ప్రాణం. ఆ వీడియోలన్నీ చూశాక నాకు బ్రహ్మజ్ఞానం కలిగినట్టయింది. కలిగినవాడు ఊరుకోలేడు కదా, వెంటనే గీసి అక్కకి చూపించాను.

"ఈ నోరు తెరిచినాయన ఎవర్రా?" అంది.

"మనిషి. మొహం ఉంటేనే నొక్కుతారుట."

"మన గేమ్‌లో మనిషే కనపడదు కదా. ఆడేవాళ్ళే మనిషి."

"అది గేమ్ సంగతక్కా. నేను మాట్లాడేది బొమ్మ సంగతి."

"ఈ బాణం ఏటి చూపిస్తోంది?"

"అది ఉత్కంఠ."

అక్క నాకేసి, అయిదో తరగతి కుర్రాడు సున్నాతో భాగించినప్పుడు చూసే చూపు చూసి, తన పనిలో పడిపోయింది.

సరిగ్గా అప్పుడే సూక్ష్మ వినోద వికాస సంస్థ వారి ప్రకటన వెలువడింది. చిన్నచిన్న వీడియో గేములు చేసేవాళ్ళని పైకి తీసుకురావడానికి కొత్తగా పెట్టిన సంస్థ. వాళ్ళు ఎంపిక చేసిన గేములన్నిటినీ స్టోర్ మొదటి పేజీలో ఓ ప్రత్యేక వరుసలో పెట్టిస్తారట, వేసవి మేళాలో. అక్కకి ఇష్టం లేదు. "మన గేమ్ మనం పెట్టుకోలేమా?" అంది. నేనే బతిమాలి ఒప్పించాను. మొదటి పేజీ, మొదటి వరుస, అందులో నా బొమ్మ! ఒప్పించకపోతే నిద్రపట్టేలా లేదు.

పరిచయ సభలో సంచాలకులు విరూపాక్షం గారిని చూశాం. అంతకుముందు పట్టుపరిశ్రమ శాఖలో పనిచేశారట. మంచి మనిషి. అందర్నీ పేరుపేరునా పలకరించారు. "నాకు ఆటలు తెలియవు. కానీ పట్టుపురుగు కూడా మొదట్లో తెలియదు. ప్రతిదానికీ ఓ దశ ఉంటుంది, దశకో రిజిస్టరు ఉంటుంది. అంతే" అని మాట్లాడి, "మీలో ఎవరైనా ఈ రంగం గురించి నాలుగు మాటలు చెప్తారా?" అనడిగారు.

అక్క నా చొక్కా పట్టుకుంది. చొక్కా జారింది. నేను లేచాను.

థంబ్‌నెయిల్ గురించి నేను చేసిన ప్రసంగం ఇప్పటికీ అక్కడివాళ్ళు చెప్పుకుంటారని విన్నాను. "సార్, కొనేవాడు లోపలికి రాడు. గుమ్మం చూసి వెళ్ళిపోతాడు. గుమ్మమే ఇల్లు!" అన్నాను. "బొమ్మ బాగుంటే ఆట బాగున్నట్టే!" అన్నాను. చప్పట్లు పడ్డాయి. సంచాలకుల పక్కన సంస్థ భాషాధికారి జోస్యుల గారు కూర్చున్నారు. ఆయన లేచి, థంబ్ అనగా అంగుష్ఠము, నెయిల్ అనగా నఖము, కావున దీన్ని ఇకమీదట అంగుష్ఠనఖచిత్రం అనాలని, పలకడానికి సులువుగా నఖచిత్రం అన్నా అభ్యంతరం లేదని సెలవిచ్చారు. విరూపాక్షం గారికి మాట తెగ నచ్చింది. అప్పటికప్పుడే నఖచిత్ర పరిశీలక సంఘం ఏర్పాటైంది. సలహాదారుగా నన్ను వేశారు. మెళ్ళో వేసుకోవడానికి నీలం తాడుతో కార్డు కూడా ఇచ్చారు.

ఇంటికొచ్చాక అక్క అడిగింది. "గేముల్ని పరిశీలించే సంఘం ఏదిరా?"

"అది వెయ్యలేదు. బొమ్మ బాగుంటే చాలుట."

"ఎవరన్నారు?"

నేను కార్డు సర్దుకున్నాను.

మొదటి సమావేశంలోనే చిక్కొచ్చింది. ఆమోదించిన ప్రతి బొమ్మ మీదా సభ్యులందరి సంతకాలూ, సంస్థ గుండ్రటి ముద్రా ఉండాలని నియమం. తపాలా బిళ్ళంత బొమ్మ మీద ముద్ర వేస్తే ముద్రే కనిపిస్తోంది, బొమ్మ కనిపించడం లేదు. "సంతకానికి చోటు లేనిదాన్ని ఆమోదించే అధికారం నాకు లేదు" అని విరూపాక్షం గారు నిజంగానే బాధపడ్డారు. అందరూ మౌనంగా సమోసాలు తిన్నారు. ఆ మౌనంలో ఒక గొంతు, "పెద్దది చేద్దాం సార్. ఫ్లెక్సీ కొట్టిద్దాం" అంది. అది నా గొంతే. ఫ్లెక్సీలో నాకున్న అనుభవం ఊరికే పోనివ్వడం ఎందుకనిపించింది.

అలా మా నఖచిత్రం ఇరవై అడుగుల ఫ్లెక్సీ అయి సంస్థ భవనం ముందు వేలాడింది. కింద పచ్చికలో కుర్చీలేశారు. తలో శాఖ నుంచీ వచ్చిన సభ్యులు మెడలెత్తి చూశారు. నేను పొడవాటి కర్రతో చూపిస్తూ వివరించాను. చీర, దండెం, మబ్బు, నోరు తెరిచినాయన, బాణం. తపాలా బిళ్ళలో ఇవే ఇరుకుగా ఉండేవి. ఇరవై అడుగుల్లో మాత్రం, ఊరి చివర ప్లాట్లేసిన లేఅవుట్‌లా ఎటు చూసినా ఖాళీయే.

"ఇంత ఆకాశం ఎందుకండీ?" అన్నారు విరూపాక్షం గారు. "ఖాళీ స్థలం ఉంచితే ఆక్రమణలు జరుగుతాయి. అనుభవం మీద చెప్తున్నాను."

ఇంక మొదలైంది. చేనేత ప్రతినిధి, దండెం మీద ఒక్క చీరేనా, అన్ని ప్రాంతాల నేతచీరలకీ ప్రాతినిధ్యం కల్పించాలన్నారు. కల్పించాను. దండెం చాలక ఇంకో రెండు దండేలు కట్టాను. విపత్తు నివారణ నుంచి వచ్చినావిడ, ఉరుముల వేళ మేడెక్కడం ప్రమాదకరమనీ, మేడమీద పిడుగు నిరోధక కడ్డీ, ఆ మనిషి తలకి హెల్మెట్ తప్పనిసరనీ అన్నారు. పెట్టాను. ఆరోగ్యం తరఫున వచ్చినాయన, నోరు తెరుచుకుని ఉంటే దోమలు పోతాయనీ, కనీసం దంతాలైనా ఆరోగ్యంగా ఉండాలనీ అన్నారు. తెల్లగా తోమాను. జోస్యుల గారు లోదుస్తుల ప్రస్తావన తెచ్చారు. బొమ్మలో అవి లేవని నేను విన్నవించుకున్నాను. "లేకపోవడం కూడా వాస్తవ విరుద్ధమే. కానీ ఉండడం అభ్యంతరకరం. కావున 'ఇక్కడ లోదుస్తులు లేవు' అని సూచిస్తూ ఓ చిన్న గమనిక ఉంటే బాగుంటుంది" అన్నారు. రాశాను.

ఎవరేమన్నా నేను కాదనలేదు. కాదనకపోగా ప్రతిదానికీ శాస్త్రంలోంచి ఓ సూత్రం తీసి సమర్థించాను. హెల్మెట్ మెరుస్తుంది కాబట్టి చూపు లాగుతుందన్నాను. కడ్డీ నిలువుగా ఉంటుంది కాబట్టి బొమ్మకి వెన్నెముకన్నాను. "ఈ అబ్బాయి దగ్గర విషయం ఉంది" అని వాళ్ళలో వాళ్ళు అనుకోవడం నా చెవిన పడింది. అలాంటివి చెవిన పడ్డాక మనిషి ఏమైనా గీస్తాడు. ఓ మూల ఇంకా కాస్త ఖాళీ మిగిలితే ఎవరూ అడక్కుండానే అక్కడో పావురాన్ని పెట్టాను.

మే నెల అలా గడిచింది. ప్రతి సమావేశానికీ కొత్త ఫ్లెక్సీ. పాతవి మా వీధిలో టీకొట్టు మీదా, ఆటోల మీదా పరదాలుగా కనిపించేవి. నా కళ ఇంటింటికీ చేరుతోందని అక్కతో అంటే ఆమె నవ్వలేదు.

నవ్వకపోవడానికి కారణం ఉంది. ఆరోజే సంస్థ నుంచి ఉత్తరువొచ్చింది. నఖచిత్రంలో కనిపించేవన్నీ ఆటలో ఉండాలనీ, లేనియెడల వినియోగదారుని మోసగించినట్టవుతుందనీ, కావున ఆటని తదనుగుణంగా సవరించి సమర్పించవలసిందనీ దాని సారాంశం. అంటే అక్క ఇప్పుడు గేమ్‌లో కడ్డీ పాతాలి, హెల్మెట్ తొడగాలి, నోరు తెరిచినాయనకి ఏదో పని చూపించాలి.

మర్నాడు అక్క తనే ఆఫీసుకి వచ్చింది. నేను వెనకాల కార్డు వేలాడేసుకుని నిలబడ్డాను.

"సార్, హెల్మెట్ పెట్టుకుని, కడ్డీ సరిచూసుకుని, నోటీసు చదివి, అప్పుడు బట్టలు తియ్యడం మొదలెడితే ఆటకి ప్రాణమేటుంటుంది? పరిగెత్తడమే కదండీ అందులో సరదా" అంది.

విరూపాక్షం గారు ఓపిగ్గా విన్నారు. "అమ్మా, మీ ఆట బాగానే ఉండి ఉంటుంది. నేను చూడలేదనుకోండి. కానీ బొమ్మ ఆమోదం పొందింది. ఆట ఇంకా పొందలేదు. ఆమోదం పొందనిది, పొందినదాన్ని అనుసరించాలి. అది పరిపాలనా సూత్రం."

"ఆటని చూసి బొమ్మ గీస్తారు గానీ..."

"గుమ్మమే ఇల్లు అని మీ తమ్ముడుగారే సెలవిచ్చారు. మినిట్స్‌లో ఉంది."

అక్క వెనక్కి తిరిగి నాకేసి చూసింది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని దారంతా బయటికే చూసింది. ఆర్కే బీచ్ దగ్గర దిగుతుందేమో, ఓ జొన్నపొత్తు కొనిద్దామనుకున్నాను. దిగలేదు.

అయినా చేసింది. మొండి మనిషి. కడ్డీ పెట్టింది, హెల్మెట్ పెట్టింది. నోరు తెరిచినాయన మేడమీద నిలబడి "బాబోయ్ వానా!" అని అరిచేలా చేసింది. ఆడి చూశాను. నా ముందు పెట్టిన ఇడ్లీలు వేడిగా ఉండగానే తినేశాను.

తర్వాత ఆఖరి సమావేశం. సంతకాలయ్యాయి, గుండ్రటి ముద్ర పడింది. స్టోర్లో పెట్టేముందు లాంఛనంగా ఓసారి ఫోన్లో చూద్దామన్నారు. ఇరవై అడుగుల ఫ్లెక్సీని నేనే తపాలా బిళ్ళగా కుదించి ఫోన్ చేతికిచ్చాను. విరూపాక్షం గారు దగ్గరగా పెట్టుకుని చూశారు, దూరంగా పెట్టుకుని చూశారు. జోస్యుల గారు కళ్ళజోడు తీసి చూశారు. ఫోన్ చేతులు మారింది. చేనేతవారు నెమ్మదిగా, "గోంగూరా?" అన్నారు.

నిజంగానే అలా ఉంది. ఆకుపచ్చా ఎరుపూ కలిసి ముద్దైపోయి, మధ్యలో తెల్లగా ఏదో మెరుస్తోంది. అవి నేను తోమిన పళ్ళు.

సలహాదారుణ్ణి నేనే. శాస్త్రంలో మొట్టమొదటి సూత్రం 'చిన్నది చేసి చూసుకో' అని. ప్రతి వీడియో మొదట్లోనే చెప్తారు. మొదటి భాగాలు నేను దాటేసేవాణ్ణి, ప్రకటనలనుకుని.

విరూపాక్షం గారు మాత్రం చలించలేదు. "చిత్రంలో లోపం లేదు. అందరం చూశాం, సంతకాలు చేశాం. లోపం ఫోన్లో ఉంది. చిన్నదిగా ఉంది" అన్నారు.

"అన్ని ఫోన్లూ అంతే ఉంటాయి సార్" అన్నాను.

"అయితే అన్నిట్లోనూ ఉంది."

నఖచిత్రాల పరిమాణాన్ని తక్షణమే పెంచవలసిందిగా స్టోర్ వారికి లేఖ రాయాలని తీర్మానించారు. రాశారు కూడా. వెంటనే జవాబొచ్చింది. మీ సందేశం అందింది, మీ అభిప్రాయం మాకెంతో విలువైనది అని. యంత్రం పంపే జవాబది. విరూపాక్షం గారు దాన్ని ఫ్రేము కట్టించి గోడకి పెట్టించారు. "చూశారా? మన అభిప్రాయం విలువైనదన్నారు. సూత్రప్రాయంగా అంగీకరించినట్టే. పెంచాక మేళా పెడదాం."

"ఎప్పటికి పెంచుతారు సార్?"

"అది వారి పరిధి."

అంతలో సంఘంలో ఓ కొత్త సభ్యుడు చెయ్యెత్తారు. ఆయన అంతవరకూ ఏమీ మాట్లాడలేదు. తానేమీ అనకుండానే సంతకం చేయాల్సి వచ్చిందని నొచ్చుకున్నట్టున్నారు. "మబ్బుని చూసి జనం భయపడి పారిపోవడం ఏమిటండీ? వాన కోసం రైతు ఎదురుచూస్తాడు. వానని శత్రువుగా చూపిస్తే మనోభావాలు దెబ్బతింటాయి" అన్నారు. అందరూ ఉలిక్కిపడ్డారు. ఇంత పెద్ద విషయం ఎలా తప్పిపోయిందని ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. సాయంత్రానికల్లా ఉత్తరువు తయారైంది. నఖచిత్రంలో మబ్బు చిరునవ్వుతో ఉండవలెను. ఆటలో మబ్బు రాక పట్ల ఆటగాడు హర్షము వ్యక్తము చేయవలెను. బట్టలు తీయుట ఐచ్ఛికము.

మర్నాడు ఆఫీసుకి వెళ్ళి, ఆ ఉత్తరువు పట్టుకుని మధ్యాహ్నప్పూట ఇంటికొచ్చాను. అక్క ముందు గదిలో ఉంది. చదివింది. మడిచి బల్ల మీద పెట్టింది.

"ప్రిన్సిపాల్ గారు పొద్దున్నే ఫోన్ చేశారు" అంది. "బడి తెరుస్తున్నారుట. ఏ మాటా రేపు చెప్తానన్నాను."

"అక్కా, ఒక్క మబ్బే కదా. నవ్వించేద్దాం. స్టోర్ వాళ్ళు సైజు పెంచగానే..."

"నాకు గేమ్ పోయినందుకు కోపం లేదురా భానోజీ. చెడిపోతే మళ్ళీ చేసుకుంటాను. కానీ ఇన్నాళ్ళలో వాళ్ళలో ఒక్కళ్ళైనా ఆడి చూశారా? పోనీ, నువ్వు? ఆ కడ్డీ పెట్టాక ఎన్నిసార్లు ఆడావు?"

ఉత్తరువు మడత విప్పి మళ్ళీ మడిచాను. ఒక్కసారే. అదీ మధ్యలో ఆపేశాను. చెప్పకపోయినా ఆమెకి తెలుసు.

నా గదిలోకి పోయి, అలవాటు చొప్పున, మబ్బుకి నవ్వు గీయడం మొదలెట్టాను. మబ్బు నవ్వితే ఎలా ఉంటుందో ఎంతకీ కుదరడం లేదు. మా సంచాలకుల గారి పోలికలొస్తున్నాయి. అలా కుస్తీ పడుతుండగా గది చీకటిపడింది, కిటికీ తలుపు దభీమని కొట్టుకుంది. మెట్ల మీద కాళ్ళ చప్పుళ్ళు, పక్క వాటా సుందరమ్మ గారి కేక, "హైమా, నా దుప్పటి కూడా!"

నేను మేడమీదికి పరిగెత్తాను. చినుకులు అప్పుడే మొదలయ్యాయి. గాలి మామూలుగా లేదు. ఎదురుగా బట్టల కుప్ప ఒకటి నా వైపు నడిచొస్తోంది. చీరలూ, లుంగీలూ, తువ్వాళ్ళూ, సుందరమ్మ గారి దుప్పటీ. కింద రెండు కాళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి, ఒక చెప్పు లేదు. కుప్పలోంచి ఓ ఎర్రచీర కొంగు విడిపోయి నల్లటి ఆకాశంలోకి జెండాలా లేచింది.

"అడ్డం లే!" అంది కుప్ప.

తప్పుకోకుండా అలాగే నిలబడి చూశాను. కుప్ప నన్ను గుద్దుకుంది. ఇద్దరం కూలబడ్డాం. బట్టలన్నీ తడిశాయి. లోపల్నుంచి అక్క మొహం బయటికొచ్చింది, నెత్తిమీద ఎవరిదో లాగూ. నన్ను తిట్టబోయి, సుందరమ్మ గారి దుప్పటి డాబా గోడ దాటి కొబ్బరిచెట్టుకి చుట్టుకోవడం చూసి, పకపకా నవ్వింది. సుందరమ్మ గారు మాత్రం నవ్వలేదు. ఆవిడ అన్న మాటలు నేను ఏ నఖచిత్రంలోనూ రాయలేను.

కిందికొచ్చి తల తుడుచుకోకుండానే గీశాను. బట్టల కుప్ప, రెండు కాళ్ళు, ఒకటే చెప్పు, ఎగిరే ఎర్రకొంగు, వెనకాల నలుపు. అంతే. మొదటిసారి, గీసేముందే కాగితం మీద తపాలా బిళ్ళంత గడి గీసుకున్నాను. అందులో పట్టినవే గీశాను. ఖాళీ మిగిలింది. చెయ్యి దురద పెట్టింది. చేతిని తొడకింద పెట్టుకుని కూర్చున్నాను.

అక్క తువ్వాలుతో తల తుడుచుకుంటూ వచ్చి చూసింది.

"నా మొహమేదిరా?"

"బట్టల వెనకాల ఉంది."

చాలాసేపు చూసింది. ఫోన్లో చూసింది, గది చివరికెళ్ళి చూసింది. "కాళ్ళు నావే" అంది. తర్వాత కంప్యూటరు ముందు కూర్చుని కడ్డీ తీసేసింది.

మర్నాడు మా గేమ్‌ని వెనక్కి తీసుకుంటామని చెప్పడానికి సంస్థకి వెళ్ళాం. విరూపాక్షం గారు ఆశ్చర్యపోయారు. "ఉపసంహరణకి నియమావళిలో అవకాశం లేదమ్మా. చేరడానికే ఉంది." తలుపు వేసి రమ్మని నాకు సైగ చేసి, గొంతు తగ్గించారు. "కానీ అలక్ష్యానికి ఉంది. మేం పంపే నోటీసులకి మీరు జవాబివ్వకండి. మీ దరఖాస్తు దానంతటదే రద్దవుతుంది. నేను చెప్పానని మాత్రం అనకండి."

ఆ ఒక్క క్షణం ఆయన పట్టుపురుగుల నాటి మనిషిలా కనిపించారు. అక్క చేతులెత్తి దణ్ణం పెట్టింది. "మా తమ్ముడికి అలక్ష్యం బాగా వచ్చండీ. వాడికప్పగిస్తాను" అంది.

'దండెం' మేమే స్టోర్లో పెట్టాం. అక్క ప్రిన్సిపాల్ గారికి ఫోన్ చేసి, ఈ ఏడాది రాలేనని చెప్పేసింది. ఆ రోజు మాత్రం మాకిద్దరికీ భయం వేసింది. మొదటి వారం ఎవరూ చూడలేదు. సుందరమ్మ గారు ఆడి, "పక్కింటావిడ తిట్లు చాల్లేదు, ఇంకా ఘాటుగా ఉండాలి" అన్నారు. రెండో వారం వానలు ముదిరాయి. ఎవరో ఒకావిడ బొమ్మ చూసి, "ఇది మా అత్తగారే!" అని వాళ్ళ బంధువుల గ్రూపులో పెట్టిందట. ఇంకెవరో "కాదు, మా పిన్ని" అన్నారట. అలా కాళ్ళు ఎవరివన్న తగువు ఊళ్ళు దాటింది. కోటలు కట్టేసేంత డబ్బేమీ రాలేదు గానీ, అక్క ఇంకో గేమ్ మొదలెట్టుకోగలిగింది. నన్ను కూడా ఉంచుకుంది. ఉంచుకోవడమే నాకు ఎక్కువ ఆశ్చర్యం.

వానాకాలం చివర్లో విరూపాక్షం గారి నుంచి ఫోనొచ్చింది. స్టోర్ వాళ్ళు ఇంకా సైజు పెంచలేదట. మేళా వాయిదాలోనే ఉందట. మా గేమ్ సంగతి ఆయన విన్నారు.

"మనస్ఫూర్తిగా అభినందనలు. సంఘం కూలంకషంగా చర్చించింది. మీ నఖచిత్రం మా పరిశీలనకి రాకపోవడం వల్లే విజయం సాధించిందని ఏకగ్రీవంగా అభిప్రాయపడ్డాం. కావున ఇకమీదట ఏ నఖచిత్రాన్నీ ఎవరూ పరిశీలించరాదు."

"చాలా సంతోషం సార్."

"ఎవరూ పరిశీలించకుండా చూసేందుకు అపరిశీలక సంఘం వేశాం. ప్రతి మంగళవారం సమావేశం. ఎవరైనా ఏదైనా చూశారేమో విచారిస్తాం. అధ్యక్షులుగా మీరే ఉండాలని అందరి కోరిక. సొంత కుర్చీ ఉంటుంది."

నేను గొంతు సవరించుకున్నాను. నిజానికి కాదందామనే సవరించుకున్నాను. కానీ బయటికొచ్చింది వేరే మాట. కుర్చీకి చేతులుంటాయా అనడిగాను. ఉంటాయన్నారు.

ఫోన్ పెట్టేసరికి అక్క గుమ్మంలో నిలబడి ఉంది. అంతా వింది. సంజాయిషీ కోసం శాస్త్రంలో ఏ సూత్రమైనా దొరుకుతుందేమోనని వెతుక్కున్నాను. దొరకలేదు.

ఆమె వచ్చి నా చెవిమీద ఉన్న పెన్సిలు తీసి తన జడలో దోపుకుంది.

"వెళ్ళిరా" అంది. "ఉత్త చేతుల్తో."